నలభై నిమిషాలు ఎక్కడ కూర్చుంటాం?

పెట్రోలు బంకులో మనం కారు దిగం. మావారు అద్దం దించి ఎంత కొట్టాలో చెబుతారు, ఫోను చూపించి డబ్బు కడతారు, ఐదు నిమిషాల్లో మళ్ళీ రోడ్డు మీద ఉంటాం. ఆ బంకు ఊళ్ళో ఉందా, పొలాల మధ్య ఉందా అన్నది మనకి పట్టదు. కరెంటు కారు సంగతి అలా కాదండీ. గన్ను తగిలించాక ముప్పావుగంట ఎక్కడో ఒక చోట కూర్చోవాలి. ఆ కూర్చునే చోటు గురించే ఈసారి రాద్దామనిపించింది.

మా ఆడపడుచు కూతురు హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. పోయినేడు కరెంటు కారు కొనుక్కుంది. దాని బ్యాటరీ 30 యూనిట్లది. యూనిట్టంటే కంగారు పడకండి, మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. ఇంట్లో గీజరుకి వాడే 15 ఆంపియర్ల ప్లగ్గుకి పెడితే గంటకి సుమారు మూడు యూనిట్లు ఎక్కుతాయి. రాత్రి భోజనాలయ్యాక పెట్టి పడుకుంటే పొద్దున్న కాఫీ వేళకి నిండుతుంది, దోసెల పిండి పులిసినట్టు. రోడ్ల మీద పెట్టే ఫాస్ట్ ఛార్జర్లు వేరు. 30 కిలోవాట్లవి, 60వి, ఇంకా పెద్దవీ ఉంటాయి. 30 కిలోవాట్ల దాంట్లో మా పిల్ల కారు 20 శాతం నుంచి 80 శాతానికి రావాలంటే 18 యూనిట్లు ఎక్కాలి. లెక్క ప్రకారం 36 నిమిషాలు, చేతల్లో నలభై, నలభై ఐదు. 80 దాటాక మరీ నెమ్మదిస్తుంది, బిందె నిండబోతుంటే మనం కుళాయి సన్నగా తిప్పినట్టు. పోనీ పెద్ద ఛార్జరు దగ్గరికి వెళితే త్వరగా అయిపోతుందా అంటే, కారు ఎంత తీసుకోగలదో అంతే తీసుకుంటుంది.

ఇవన్నీ నాకెలా తెలుసంటారా? రెండు నెలలుగా మా ఇంట్లో ఇదే చర్చ. మంగినపూడి బీచ్‌కి వెళ్ళే దారిలో మా మామగారు ఎప్పుడో కొన్న పది సెంట్ల స్థలం ఉంది. మావారికీ మా మరిదికీ ఉమ్మడిది. ఇన్నాళ్ళూ తుమ్మచెట్లు మొలిచి పడి ఉంది. ఇప్పుడు మా మరిది అక్కడ ఛార్జింగ్ స్టేషన్ పెడతానంటున్నాడు. దీనికి కరెంటు అమ్మే లైసెన్సు అక్కర్లేదట. ఛార్జింగ్ అంటే కరెంటు అమ్మడం కాదు, ఒక సేవ అని 2018లోనే కేంద్ర విద్యుత్ శాఖ తేల్చి చెప్పింది. బ్యాంకు లోనుకి మాత్రం స్థలం కాగితాలు, అన్నదమ్ములిద్దరి సంతకాలు కావాలి. మావారు ఎప్పటిలాగే "మీ వదిన్ని అడుగు" అని పేపరు వెనక దాక్కున్నారు. లోనంటే ఏళ్ళ తరబడి నెల నెలా కట్టే వాయిదా, అవతల మా అబ్బాయి ఇంజనీరింగు ఫీజు. అందుకని నేనూ కొంచెం చదివాను, కొంచెం తిరిగి చూశాను.

ప్రభుత్వం లెక్క ఒకటుంది. 2018 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నగరాల్లో మూడు కిలోమీటర్ల గడికి ఒకటి, హైవేల మీద 25 కిలోమీటర్లకి ఒకటి చొప్పున ఛార్జింగ్ స్టేషన్లు ఉండాలి. 2024లో దాన్ని ఇంకా దగ్గర చేసి, హైవేల మీద 20 కిలోమీటర్లకి ఒకటన్నారు. ఆ ఏడాదే మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ఛార్జింగ్ స్టేషన్లకని 2,000 కోట్లు పక్కన పెట్టారు. దేశమంతటికీ ఒక లెక్క కావాలంటే ఇలాంటిదే పెట్టాలి, కాదనను. కానీ దాన్ని మన బందరు రోడ్డు మీద పరిచి చూడండి. బెజవాడ నుంచి బందరుకి దాదాపు 70 కిలోమీటర్లు. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు... మూడు పెట్టేయచ్చు. ఎవరికి? బెజవాడలో నింపుకుని బయల్దేరినవాళ్ళకి పామర్రులో అవసరం రాదు. బందరులో ఇల్లున్నవాళ్ళు రాత్రి ఇంట్లోనే ప్లగ్గు పెట్టుకుంటారు. 30 యూనిట్ల చిన్న కారు కూడా ఏసీ వేసుకుని రెండు వందల కిలోమీటర్ల దాకా లాగుతుంది. 70 కిలోమీటర్ల మధ్యలో దానికి దాహమెందుకేస్తుంది?

అవసరం వచ్చేది రోడ్డు మధ్యలో కాదు, చివర్లో. హైదరాబాదు నుంచి బందరు దాదాపు 340 కిలోమీటర్లు. మా పిల్ల సూర్యాపేట దగ్గర హోటల్లో ఒకసారి ఆగుతుంది. అక్కడ టిఫిను, బాత్రూము, దీపాలు, జనం అన్నీ ఉంటాయి కాబట్టి దాని ముప్పావుగంట తెలియకుండా గడిచిపోతుంది. అక్కణ్ణించి బందరు చేరేసరికి బ్యాటరీ అడుగుకొస్తుంది. అసలు తిరుగుడంతా అప్పుడే కదా మొదలు. మంగినపూడి, అటు చల్లపల్లి మీదుగా మోపిదేవి, అవనిగడ్డ, నాగాయలంక, ఓపికుంటే హంసలదీవి. అన్నీ చుట్టి వస్తే 150 కిలోమీటర్లు దాటుతుంది. మన దివిసీమ రోడ్లు సముద్రం దగ్గర ఆగిపోతాయి. వెళ్ళిన దారినే వెనక్కి రావాలి. అలాంటి చోట ఛార్జరు లేకపోతే ఇబ్బంది, ఉన్నదొక్కటీ పాడైతే ఇంకా ఇబ్బంది.

చోటు అని ఇంతగా ఎందుకంటున్నానో చెబుతాను. పోయిన కార్తీకంలో ఆ పిల్లతో కలిసి ఒక ఊరు వెళ్ళొస్తున్నాం. ఊరి పేరు, ఆ స్టేషన్ పేరు ఎందుకులెండి. నేను, మా అత్తయ్యగారు, అది. సాయంత్రం ఆరున్నరకి ఛార్జింగ్ కోసం ఆగాం. గోడౌన్ల వెనక ఖాళీ స్థలం. ఒక పెట్టె, ఒక గన్ను, ఒక దీపం. మనిషి లేడు. మా అత్తయ్యగారికి షుగరు. ఆవిడ బాత్రూముకి వెళ్ళకుండా గంట ఉండలేరు. పైగా మొహమాటం, నోరు విప్పి అడగరు. పావుగంటయ్యాక చీర కొంగు వేళ్ళకి చుట్టుకుంటూ కూర్చున్నారు. నాకు అర్థమైంది. చుట్టూ చూస్తే మట్టి, రెండు కుక్కలు, దూరంగా మోటారు సైకిలు ఆపుకుని మనవైపే చూస్తున్న ఇద్దరు కుర్రాళ్ళు. ఆ కుర్రాళ్ళు మంచివాళ్ళే అయ్యుండచ్చు. కానీ కారుకి తీగ తగిలించి ఉంది, తీస్తే తప్ప కదలదు. 41 శాతం దగ్గర మా పిల్ల గన్ను తీసేసి "పదండి అమ్మమ్మా" అంది. మెయిన్ రోడ్డు మీద ఒక టిఫిన్ సెంటరు ఆవిడ, పుణ్యాత్మురాలు, తమ ఇంటి బాత్రూం తలుపు తీసింది. మిగతా దారంతా ఏసీ కట్టేసి, అద్దాలు దించుకుని, శాతం అంకె చూసుకుంటూ ఇంటికొచ్చాం.

ఆ రాత్రి మా ఆడపడుచు ఫోన్లో తేల్చేసింది, "ఇక ఒంటరిగా కారేసుకుని బందరు రాకు, బస్సెక్కి రా" అని. పిల్ల కారు కొనుక్కున్నదే ఎవర్నీ అడక్కుండా రావచ్చని. దాని జీతం, దాని కారు, దాని లైసెన్సు. ఒక బాత్రూం లేనందుకు మళ్ళీ బస్సు రిజర్వేషన్ దగ్గరికొచ్చింది. తప్పు మా ఆడపడుచుదని కూడా అనలేను. నాకు కూతురుంటే నేనూ అదే అనేదాన్నేమో.

మా నాయనమ్మ చిన్నప్పుడు బందరు కాలువలో పడవ ప్రయాణాలుండేవి. లాకుల దగ్గర పడవ ఆగేదట. ఎగువ నీళ్ళూ దిగువ నీళ్ళూ సమానమయ్యేదాకా లాకు తలుపు తియ్యరు, ఎంత తొందరున్నా ఆగాల్సిందే. ఆ ఆగే చోట చెట్టు నీడ, మజ్జిగమ్మే ముసలమ్మ, పిల్లలకి అటుకులు. ఆడవాళ్ళు దిగి కాళ్ళు కడుక్కుని కబుర్లు చెప్పుకునేవాళ్ళమని నాయనమ్మ చెప్పేది. జనం తప్పనిసరిగా ఆగేచోట మిగతావన్నీ వచ్చి చేరాయన్నమాట. ఛార్జరుకి ఆ తాపీ లేదు. చుట్టూ అన్నీ ఎప్పటికో వస్తాయని ఖాళీ స్థలంలో పెట్టేస్తే, అవి వచ్చేదాకా ఆడవాళ్ళు అక్కడ ఆగరు.

ఇక మా పది సెంట్ల సంగతి. మా మరిది వాదన తీసెయ్యదగ్గది కాదు. బందరుకి పదకొండు కిలోమీటర్లలో బీచ్, ఆదివారాలు జనం. కార్తీక పౌర్ణమికి చిలకలపూడి పాండురంగడి ఉత్సవాలకి వచ్చినవాళ్ళంతా సముద్రస్నానానికి మంగినపూడే వస్తారు. 2023 మేలో పోర్టుకి శంకుస్థాపన కూడా జరిగింది, ముందు ముందు రాకపోకలు పెరుగుతాయి. అన్నీ నిజమే. కానీ నేనడిగినవి ఇవి: మంగళవారం మధ్యాహ్నం అక్కడ ఎన్ని కార్లుంటాయి? పౌర్ణమి నాడు ఛార్జరు ముందు పెట్రోలు కారు పెట్టి స్నానానికి పోతే దాన్ని ఎవరు తీయిస్తారు? 60 కిలోవాట్ల ఛార్జరంటే పదిహేను ఇరవై ఇళ్ళ వాడకం ఒక్కసారి లాగినట్టు. పల్లెల్లో పెట్టే ట్రాన్స్‌ఫార్మర్లు చాలావరకు 63, 100 కేవీఏవి. ఉన్నదాని మీద దీన్ని వెయ్యలేం, విడిగా మరొకటి పెట్టించుకోవాలి. ఆ ఖర్చు లోనులో ఉందా?

అన్నిటికంటే ఉప్పుగాలి. బందరులో కాపురం చేసే ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది. కిటికీ ఊచలు, గ్యాస్ స్టవ్ బర్నర్లు, ఏసీ బయటి పెట్టె, ఏదీ పూర్తిగా బతకదు ఇక్కడ. లక్షలు పోసి కొన్న యంత్రాన్ని సముద్రం ఒడ్డున ఆరుబయట నిలబెట్టాలంటే నా మనసొప్పలేదు. తుఫాను మాట సరేసరి. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో దాదాపు 10,000 మంది పోయారు. మా అత్తయ్యగారు సముద్రం పక్కన ఏం కడతామన్నా ముందు "మెరకెంత?" అని అడుగుతారు. ఇంజనీర్లూ ముందు అడగాల్సింది అదే.

"అయితే బీచ్ దగ్గర ఏమీ వద్దంటారా వదినా?" అన్నాడు మా మరిది, కొంచెం చిన్నబుచ్చుకుని.

వద్దనలేదు. బీచ్‌కి వచ్చినవాళ్ళు మూడు గంటలుంటారు. వాళ్ళకి ఫాస్ట్ ఛార్జరెందుకు? ఇంటి ప్లగ్గులాంటివే ఆరేడు పెడితే మూడు గంటల్లో తొమ్మిది యూనిట్లు ఎక్కుతాయి. అంటే యాభై అరవై కిలోమీటర్లు, బందరు వెళ్ళి తిరిగొచ్చినా మిగులుతుంది. ఖర్చు తక్కువ, చెడిపోతే ఊళ్ళో ఎలక్ట్రీషియనే బాగుచేస్తాడు. దాంతోపాటు నీడకి రేకుల షెడ్డు, స్నానం చేసి వచ్చిన ఆడవాళ్ళు తడి బట్టలు మార్చుకోవడానికి రెండు గదులు. మంగినపూడి నల్లమట్టి చీరకుచ్చెళ్ళకి అంటుకుంటే ఎలా ఉంటుందో మనకి తెలుసుగా. ఆ గదులకి జనం డబ్బిచ్చి మరీ వస్తారు.

ఫాస్ట్ ఛార్జరు పెట్టాలంటే బందరులోనే, బస్టాండు దరిదాపుల్లో, రాత్రి పదింటిదాకా హోటళ్ళు తెరిచుండే వీధిలో. గుడివాడలో అయితే బజారుకి దగ్గర్లో. దివిసీమకి ఒకే ఒక్కటి పెట్టమంటే నేను మోపిదేవి చూపిస్తాను. 216 హైవే దారిలోనే ఉంది. సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడికి పుట్టువెంట్రుకలకీ, చెవులు కుట్టించడానికీ చంటిపిల్లలతో వస్తారు. ఎంత లేదన్నా గంట పడుతుంది. కారు ఎలాగూ ఆగి ఉంటుంది. మనం ఆగేచోటికి ఛార్జరు రావాలి కానీ, ఛార్జరు ఉన్నచోట మనం వెళ్ళి పడిగాపులు పడటమేమిటి? ఇంకోటి, ఒక్క గన్ను పెట్టి ఊరుకోకూడదు. ఒకే బాత్రూం ఉన్న పెళ్ళివారిల్లులా ఉంటుంది. చిన్నవైనా రెండుండాలి.

మా మరిది రెండు ఆదివారాలు, రెండు మంగళవారాలు బీచ్ రోడ్డు మీద కూర్చుని కార్లు లెక్కపెట్టాడు. కరెంటు కార్ల నంబరు ప్లేటు ఆకుపచ్చగా ఉంటుంది కదా, లెక్క తేలికే. ఆదివారం రెండంకెలు దాటలేదు. మంగళవారాల మాట తనే ఎత్తలేదు. పెద్ద లోను ఆలోచన అంతటితో ఆగింది. ఇప్పుడు మాట్లాడుతున్నది చిన్న ప్లగ్గులు, షెడ్డు, గదుల గురించి. దానికైతే మావారు సంతకం పెడతారు, నేను చెప్పాను.

ఇంత అయ్యాక మొన్న మా తోడికోడలు వంటింట్లోకి వచ్చి, నెమ్మదిగా తలుపు దగ్గరికి వేసి అడిగింది. "అదంతా బాగానే ఉంది అక్కా. ఆ బాత్రూములు రోజూ కడిగేదెవరు? ఈయన మనిషిని పెడతానంటున్నారు, ఆ మనిషి రాని రోజు?" ఆ మనిషి జీతం, రెండో మనిషి జీతం, ఫినాయిలు, నీళ్ళ ట్యాంకరు అన్నీ ఒక కాగితం మీద రాయమన్నాను. రాస్తోంది. ఆ కాగితం కూడా లోను దరఖాస్తుతో పాటే పెట్టాలి.