మా ఇంటి మారుతి

దీపావళికి మా బావగారి అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చాడు. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి, కారు కొనుక్కోవాలని సరదా. నేలబారుగా, ఎర్రగా, రెండే సీట్లున్న కార్ల ఫొటోలు ఫోన్‌లో చూపిస్తూ, "ఇలాంటివి మన కంపెనీలు ఎందుకు చెయ్యవు బాబాయ్? ఏ షోరూముకెళ్ళినా అవే డబ్బా కార్లు" అని ఒకటే గోల.

మా వారు నవ్వి, "ఒరేయ్, చూసి మురిసిపోయే బండి వేరు, రోజూ నడవాల్సిన బండి వేరు. మీ పిన్నిని చూడు. మారుతి కారు లాంటిది. పాతికేళ్ళయింది, ఒక్కరోజు ఆగింది లేదు. మెయింటెనెన్సూ తక్కువే" అన్నారు.

అందరూ నవ్వారు. గారెల పళ్ళెం పట్టుకొచ్చిన నేనూ నవ్వాను. మెచ్చుకోలే కదా! ఆయన మనసులో ఏమీ లేదని నాకు తెలుసు. కానీ మళ్ళీ వెళ్ళి మూకుడు ముందు నిలబడితే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. మీలో ఎంతమందికి ఇలాంటి మెచ్చుకోళ్ళు దక్కాయో నాకు తెలీదు గానీ, దక్కినవాళ్ళకి నేను చెప్పేది ఇట్టే అర్థమవుతుంది.

ఆ రాత్రి మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరులో కార్ల విడిభాగాలు చేసే చోట పని చేస్తాడు. "ఏరా, వాడన్నది నిజమేనా? అందరికీ నచ్చే కారు ఎవరూ ఎందుకు చెయ్యరు?" అన్నాను. ఈవేళప్పుడు అక్కకి కార్ల గొడవేమిటా అని వాడు కాస్త కంగారుపడ్డాడు పాపం.

"అక్కా, నీ జంతికల గొట్టం గుర్తు తెచ్చుకో" అన్నాడు. తలుపు రేకు, బానెట్ రేకు, టాపు రేకు, దేనికదే అచ్చు ఉండాలి. ఉక్కుతో చేసే ఆ అచ్చులకే కోట్లు అవుతాయట. ఆపైన కొత్త బండిని గోడకి గుద్ది చూసే పరీక్షలు, ఎండలో, చలిలో, గుంతల్లో వేలకి వేల కిలోమీటర్లు తిప్పడాలు. పది కార్లు అమ్మినా, పది లక్షలు అమ్మినా ఆ ఖర్చు ఒకటే. పెళ్ళికి వెయ్యి జంతికలు వండితే కొత్త బిళ్ళ కొన్న డబ్బు లెక్కలోకి రాదు. ఇంట్లో నలుగురి కోసం కొంటే ఒక్కో జంతికా బంగారమే!

మళ్ళీ వాడే ఇడ్లీ పిండి దగ్గరికొచ్చాడు. ఒక్క పిండితో మనం ఇడ్లీ, అట్టు, ఊతప్పం, మిగిలితే పునుగులు వెయ్యమూ? స్విఫ్ట్, బలేనో, వేగనార్, ఎర్టిగా, పైకి వేరువేరుగా కనిపించినా ఇప్పటివాటికి అడుగున ఉన్న పునాది రకం ఒకటేనట. పరుగు కార్లకి ఆ పిండి చాలావరకు పనికిరాదు. ఇంజను ఎక్కడ పెట్టాలి, మనిషి ఎంత కిందుగా కూర్చోవాలి, ఏ చక్రాలు బండిని నెట్టాలి, అన్నీ వేరే. అందుకే టయోటా అంతటి కంపెనీ కూడా 2012లో తెచ్చిన పరుగు కారుని సుబారుతో కలిసి చేసింది. 2019లో సుప్రాని మళ్ళీ తెచ్చినప్పుడు బీఎండబ్ల్యూని తోడు తెచ్చుకుంది. పక్కింటి వాళ్ళతో చెరిసగం వేసుకుని పెద్ద గ్రైండరు కొనుక్కున్నట్టన్నమాట.

ఒక్క లెక్క మాత్రం నా మనసులో ఉండిపోయింది. ప్రపంచంలో బాగా అమ్ముడుపోయిన రెండు సీట్ల సరదా కారు మాజ్డా మియాటా. 1989లో మొదలుపెట్టి పది లక్షలు పూర్తి చెయ్యడానికి 2016 దాకా పట్టింది, అంటే 27 ఏళ్ళు. టయోటా కరోలా పది లక్షలు ఒక్క ఏడాదిలోనే దాటేసిన సందర్భాలు ఎన్నో. కరోలా బొమ్మని గోడకి అతికించుకున్న కుర్రాణ్ణి ఎవరైనా చూశారా?

మన దేశంలోనూ ప్రయత్నాలు జరక్కపోలేదట. 1998లో గోవాలో శాన్ స్టార్మ్ అని రెండు సీట్ల, టాపు లేని కారు చేశారు. ఫైబర్ ఒళ్ళు, రెనో ఇంజను. చాలా తక్కువ బండ్లే బయటికొచ్చాయి. 2017లో బలేనోలో ఆరెస్ అని హుషారైన రకం తెచ్చారు, మూడేళ్ళకి ఆపేశారు. వెనక సర్కారు వారి పన్నులు కూడా ఉన్నాయి. 2006 బడ్జెట్లో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజను ఉన్న చిన్న కార్లకి ఎక్సైజు సుంకం 24 నుంచి 16 శాతానికి దించారు. అప్పణ్ణించి కంపెనీలన్నీ ఆ కొలతలో ఇమిడేలా బళ్ళు కుట్టడం మొదలుపెట్టాయి. పైగా మన స్పీడు బ్రేకర్లు! నేలకి ఆనుకుని పోయే కారు మా వీధి మలుపు తిరిగేసరికి కడుపు గీరుకుంటుంది.

"అసలు సంగతి ఇంకోటుందక్కా" అన్నాడు తమ్ముడు. "షోరూములో కుర్రాడు ఎర్ర కారు చుట్టూ తిరుగుతాడు. పక్కన నిలబడి మైలేజీ ఎంత, డిక్కీలో గ్యాసుబండ పడుతుందా, అమ్మితే ఎంతొస్తుంది అని అడిగేది వాళ్ళమ్మో భార్యో. కంపెనీ బండి చేసేది ఆవిడ కోసం."

అంటే ఆ డబ్బా కార్లకి కారణం మనమేనన్నమాట! నవ్వొచ్చింది. నిజమే, మా మొదటి కారు సెకండ్ హ్యాండ్ మారుతి 800. ఆయన ఇంకేదో చూస్తే నేనే పట్టుబట్టి దాన్ని కొనిపించాను. మూడు సిలిండర్లు, 796 సీసీ. దానిమీదే గోదావరి గట్టున డ్రైవింగు నేర్చుకున్నాను. ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు, ఊరి నుంచి బియ్యం బస్తా, అన్నీ అందులోనే.

ఆ బండి కథ కూడా తమ్ముడే చెప్పాడు. 1983 డిసెంబరు 14న హర్‌పాల్ సింగ్ అనే ఆయనకి ఇందిరాగాంధీ మొట్టమొదటి మారుతి తాళాలు అందించారు. 2010లో పోయేదాకా ఆయన ఆ కారుని వదల్లేదట. ఆ తర్వాత చూసేవాళ్ళు లేక ఇంటి ముందే తుప్పు పట్టిపోయింది. చివరికి కంపెనీ వాళ్ళే తీసుకెళ్ళి బాగుచేయించి తమ ఆఫీసులో పెట్టుకున్నారు.

"ఆగని కారు అని ఏదీ ఉండదక్కా. ఆగకుండా చూస్తారు, అంతే. మెయింటెనెన్స్ తక్కువ అంటే అసలు చెయ్యక్కర్లేదని కాదు" అని ఫోన్ పెట్టేశాడు. వాడు కారు గురించే అన్నాడు.

మర్నాడు మా వేగనార్‌లో కూరలకి వెళ్తూ అద్దం మూల అంటించిన స్టిక్కరు చూశాను. తర్వాతి సర్వీసు ఎన్ని కిలోమీటర్లకో, ఏ తేదీకో రాసి ఉంది. మా వారు ఆ తేదీకి వారం ముందే ఫోన్ చేసి టైము తీసుకుంటారు, ఒక్కసారి కూడా తప్పలేదు. ఇంటికొచ్చి పోపుల డబ్బా కింద మడతపెట్టి ఉన్న నా చీటీ తీశాను. థైరాయిడ్ పరీక్ష ఆర్నెల్లకోసారి చేయించుకోమని డాక్టరుగారు రాసిచ్చారు. చివరిసారి చేయించి ఏడాదిన్నర అయింది. పిల్ల పరీక్షలు, అత్తయ్యగారి కంటి ఆపరేషను, ఏదో ఒకటి అడ్డు. కాళ్ళు లాగుతున్నా వయసేలే అనుకుంటూ వచ్చాను.

రాత్రి భోజనాలయ్యాక ఆ చీటీ ఆయన ముందు పెట్టాను. చదివి, "ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నారు.

"కారు చెప్పిందా మీకు? స్టిక్కరు చూసి మీరే తీసుకెళ్ళారు కదా."

కాస్త కటువుగానే వచ్చింది మాట. ఆయనేమీ అనలేదు. చాలాసేపు ఆ చీటీనే చూస్తూ కూర్చున్నారు. ఆరోజు నలుగురిలో అన్న మాట ఇద్దరికీ గుర్తుంది, ఇద్దరం ఎత్తలేదు.

శనివారం పరగడుపున ల్యాబుకి తీసుకెళ్ళారు. రిపోర్టు అంత బాగా రాలేదు, మాత్ర మోతాదు పెంచారు. మూడు నెలల్లో మళ్ళీ చూపించుకోవాలి. ఆ తేదీ ఆయనే తన ఫోన్‌లో పెట్టుకున్నారు. వచ్చేటప్పుడు తాళాలు నేనడిగి తీసుకున్నాను. ఇంటికి సూటిగా రాకుండా గట్టు మీదుగా, అద్దాలు దించుకుని, ధవళేశ్వరం దాకా వెళ్ళొచ్చాం. స్పీడెంతో చెప్పను, మా అబ్బాయి ఇది చదువుతాడు.

అన్నట్టు, బావగారి అబ్బాయి కారు కొన్నాడు. "వెనక సీటు లేకపోతే నన్నెక్కడ కూర్చోబెడతావురా?" అందిట మా తోటికోడలు. నాలుగు తలుపుల చిన్న కారే. రంగు మాత్రం ఎర్రది.