మిత్రుడు అడిగిన ప్రశ్న

పన్నెండేళ్ళ క్రితం ఢిల్లీలో ఒక మిత్రుడితో నాకు మాటలు తెగిపోయాయి. అతడు ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు. నేను కథోలికుణ్ణి, మన పల్లెల వాడుకలో ఆర్‌సీఎం. మా అమ్మ మరణించిన వారానికి పరామర్శకు వచ్చిన అతడు, గోడకు వేలాడుతున్న ఆమె జపమాలను చూసి, "అన్నా, అమ్మగారు ప్రార్థించింది ప్రభువునా, మరియమ్మనా?" అని అడిగాడు.

నేను లూథరు కాలం నుంచి మొదలుపెట్టి అరగంట వాదించాను. అతడు మౌనంగా లేచి వెళ్ళాడు. ప్రశ్నలో నాకు వినిపించిన నింద అతడి మనసులో ఉందో లేదో నేను విచారించనేలేదు.

చెప్పవలసిన సమాధానం చిన్నది. మంగళవార్త జపంలో మొదటి సగం లూకా సువార్త మొదటి అధ్యాయంలోనిదే. రెండో సగం, మా కోసం ప్రార్థించమని మరియమ్మను వేడుకోవడం. తన బిడ్డకు జబ్బు చేస్తే అతడు సంఘస్థులను ప్రార్థన కోరినట్లే, మా అమ్మ ఆమెను కోరింది. మరణించినవారిని అలా కోరవచ్చునా అన్నదే మా మధ్య నిజమైన భేదం. దాన్ని నేను ఒప్పుకొని ఉండవలసింది.

మా తగాదాల్లో కొన్ని కేవలం మాటలవి. వారిది బాప్తిస్మం, మాది జ్ఞానస్నానం. వారిది పరిశుద్ధాత్మ, మాది పవిత్రాత్మ. కొన్ని గ్రంథానివి: మా బైబిలులో 73 పుస్తకాలు, వారిదానిలో 66. వారు అంగీకరించని మక్కబీయుల గ్రంథాన్ని సాక్ష్యంగా చూపితే సంభాషణ అక్కడే ఆగిపోతుంది. సత్ప్రసాదం, పోపు అధికారం వంటివి మాత్రం అసలైన భేదాలే. అయినా నీతిమత్వ సిద్ధాంతంపై రోము, లూథరన్ ప్రపంచ సమాఖ్య 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. నాలుగు శతాబ్దాలకు పైబడిన వివాదంలో అంత దూరం నడవడం సాధ్యమైంది.

"అల్పసంఖ్యాకులం, లోపలి భేదాలు ఇప్పుడెందుకు?" అని కొందరు అంటారు. 2008లో కంధమాల్‌లో గుడులు తగలబెట్టిన మూకలు ఇది ఏ శాఖదని అడగలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ దళితులకు ఎస్సీ హోదా నిరాకరించేటప్పుడు కూడా శాఖను చూడదు. నిజమే. కాని భయం కుదిర్చిన ఐక్యత ఎన్నికల పొత్తు వంటిది; అవసరం తీరాక ఎవరి దారి వారిది. విశ్వాసం గురించి నోరు మెదపలేని చోట ఉన్నది సర్దుబాటే, స్నేహం కాదు.

నిరుడు అతడి తండ్రి సమాధి కార్యక్రమానికి వెళ్ళాను. అందరం కలిసి ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పాం. చివరి స్తుతివాక్యం దగ్గర అలవాటుగా నా నోరు ఆగింది. అతడు గమనించాడు. సాయంత్రం, "అక్కడ ఎందుకు ఆగారన్నా?" అన్నాడు. మా బలిపూజలో ఆ వాక్యం గురువు మరొక ప్రార్థన చెప్పిన తరువాత వస్తుందని వివరించాను. ఆ పైన నేనే అడిగాను: "ఆనాడు నీ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్పనా?"

అతడు కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు.