మోగని ఫోన్

యూనిక్స్‌లో ఒక ఫైల్ కాపీ చేసి చూడండి. 'సీపీ' ఏమీ చెప్పదు. పని ముగించి, ప్రాంప్ట్ మన చేతిలో పెట్టి తప్పుకుంటుంది. 1978లో బెల్ సిస్టమ్ టెక్నికల్ జర్నల్ యూనిక్స్ సంచికకి సహచరులతో కలిసి రాసిన ముందుమాటలో డగ్ మెకిల్‌రాయ్ ఈ మర్యాదని సూత్రంగానే పెట్టాడు: అవుట్‌పుట్‌లో అక్కర్లేని కబుర్లు వద్దని. ఒక ప్రోగ్రాం చెప్పింది ఇంకో ప్రోగ్రాం వింటుంది మరి.

అన్ని టూల్స్‌కీ ఆ మర్యాద లేదు. 'కర్ల్'తో ఫైల్ దించుకుంటుంటే ఎంత వచ్చింది, ఇంకెంత సేపు అని చెబుతూనే ఉంటుంది. 'డీడీ' చివర్లో ఎన్ని రికార్డులు లోపలికి, ఎన్ని బయటికి అని లెక్క అప్పజెబుతుంది. చిక్కేమిటంటే, ఈ సొదంతా వచ్చేది స్టాండర్డ్ ఎర్రర్ దారిలో. విసుగొచ్చి ఆ దారిని డెవ్ నల్‌లోకి తోసేస్తే గోల పోతుంది, డిస్క్ నిండిందన్న కబురూ పోతుంది. అలా నోరు నొక్కేసిన క్రాన్ జాబులు ప్రతి ఆఫీసులోనూ చూశాను. కర్ల్‌కి చిన్న ఎస్ ఒక్కటే ఇచ్చినా అంతే, తప్పులు కూడా మాయం. పక్కన పెద్ద ఎస్ పెడితే తప్పులు మాత్రం పలుకుతాయి. డీడీకైతే 'స్టేటస్' విలువ 'నన్' అంటే చాలు.

నేనుండేది మొయినాబాద్‌లో. చేవెళ్ల దాటాక మా ఊరు, అక్కడ నాయిన బంతితోట. పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కి పోతాయి. బోరు మోటరుకి సిమ్ కార్డు వేసే స్టార్టర్ పెట్టించాడు. కరెంటొస్తే ఫోన్, పోతే ఫోన్, మోటర్ తిరిగితే ఫోన్. ఫేజు పోయి మోటర్ ఆగినా, బోరులో నీళ్లందక ఆగినా అదే నంబర్, అదే ఆడగొంతు. నాయిన ఆ నంబర్ బ్లాక్ చేసేశాడు.

"పండనిస్తలేదు బిడ్డా, దయ్యం లెక్క మోగుతది" అన్నాడు.

న్యాయమైన కోపమే. కానీ మే నెలలో మోటర్ ఆగిన సంగతి రెండు రోజులు తెలియకపోతే తోట తోటే వాడిపోతుంది. స్టార్టర్‌తో వచ్చిన చిన్న పుస్తకం తిరగేశాను (మ్యాన్ పేజీలే నయం). నంబర్ అన్‌బ్లాక్ చేసి, కరెంటు కాల్స్ ఆపి, తప్పుల కాల్స్ ఉంచాను.

వారం తర్వాత అమ్మ ఫోన్: "మీ నాయిన రాత్రి రెండు పార్ల బాయికాడికి పోయొస్తుండు."

ఎందుకని అడిగితే నాయిన తిరిగి నన్నే అడిగాడు. "మోగుతలేదంటే మోటర్ నడుస్తున్నట్టా, డబ్బా సచ్చినట్టా?"

వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైనప్పుడు, ఇక చీకట్లో పొలానికి పోయే పని తప్పిందని సంబరపడ్డ మనిషి. ఆయన అడిగినదాన్ని యూనిక్స్ వాళ్లూ అడిగారు. డీడీ పెద్ద డిస్క్ కాపీ చేస్తూ గంటలకొద్దీ ఉలకదు పలకదు. బతికుందో లేదో తెలుసుకోవడానికి లినక్స్ జనం ఇంకో టెర్మినల్‌లోంచి యూఎస్ఆర్1 సిగ్నల్ పంపేవాళ్లు, అప్పుడు ఒకసారి లెక్క చెప్పేది. 2015లో గానీ గ్నూ డీడీకి 'స్టేటస్ ప్రోగ్రెస్' రాలేదు.

ఇప్పుడు రోజూ రాత్రి తొమ్మిదింటికి నేనే ఆ స్టార్టర్‌కి మెసేజ్ పెడుతున్నా. అంతా బాగుందని జవాబొస్తే నాయినకి ఒక మిస్డ్ కాల్. లేకపోతే మామూలుగా మాట్లాడతా. నిన్న మిస్డ్ కాల్ వెళ్లాక కూడా టార్చి తీసుకుని బయల్దేరాడట, అమ్మ చెప్పింది.