డ్యూటీ దిగే వేళ

2020 మార్చిలో లాక్‌డౌన్‌కు ముందురోజుల్లో, లాప్‌టాప్ సంచీతో హైదరాబాద్ నుంచి కాగజ్‌నగర్ వచ్చేశాను. అమ్మ తన కుట్టుమిషన్ బల్ల నాకు ఖాళీ చేసి ఇచ్చింది. రౌటర్ కిటికీలో పెట్టాం. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది. మే నెల ఎండకు కూలర్ లేకుండా కూర్చోలేం, కూలర్ వేస్తే మీటింగులో నా మాట వినపడదు. మాట్లాడేటప్పుడు ఆపడం, మ్యూట్ పెట్టగానే మళ్ళీ వేయడం అలవాటైంది. నడుంనొప్పి మొదలయ్యాక మంచి కుర్చీ కొన్నాను. ఆఫీసు తయారైందనుకున్నాను.

ఒక రాత్రి పది దాటినా కాల్‌లోనే ఉన్నాను. బాపు గుమ్మంలో నిలబడి అడిగాడు.

“డ్యూటీ ఎప్పుడు దిగుతవ్ బిడ్డా?”

“అయిపోవచ్చింది బాపూ.”

“మాకైతే సైరన్ మోగేది. గేటు దాటినంక మిల్లు మా ఇంట్లకు రాకపోయేది.”

బాపు సిర్పూర్ పేపర్ మిల్లులో షిఫ్టులు చేసి రిటైరైనవాడు. ఊరికి పేరు తెచ్చిన ఆ మిల్లు 2014లో ఆగింది, 2018లో గానీ మళ్ళీ నడవలేదు. పని పోయిన ఇళ్ళు మా వాడలోనే చూశాను. రాత్రి వచ్చిన మెసేజీకి కూడా వెంటనే జవాబిచ్చేది శ్రద్ధతో కాదు, ఆ భయంతోనే. బల్ల, కుర్చీ, నెట్ అన్నీ అమర్చుకున్నాను గానీ, గేటు పెట్టుకోవడం మరిచిపోయాను.

ఇప్పుడు రాత్రి ఎనిమిదింటికి లాప్‌టాప్ మూసి, పైన అమ్మ పాత మిషన్ గుడ్డ కప్పుతున్నాను. కొన్ని రోజులు ఆ గుడ్డ మళ్ళీ తీస్తాను. అప్పుడు వాకిట్లోంచి బాపు గట్టిగా దగ్గుతాడు. మా ఇంటి సైరన్ అదే.