నొప్పిని నమ్మడం కూడా వైద్యమే

జ్వరాన్ని కొలవడానికి థర్మామీటరు ఉన్నది. రక్తపోటుకు వేరొక సాధనం ఉన్నది. నొప్పికి మాత్రం అనుభవించేవాని మాట తప్ప మరొక కొలత లేదు. ఆ మాటనే శంకించినప్పుడు రోగి పరిస్థితి ఏమిటి?

ఉద్యోగరీత్యా మా కుటుంబం కొన్నేళ్ళు ఉత్తర అండమానులోని డిగ్లీపూర్‌లో గడిపింది. ఒకవైపు శాడిల్ పీక్, మరొకవైపు సముద్రం. ప్రకృతి శోభకు లోటు లేదు. కాని పోర్ట్ బ్లెయిర్ (2024 నుండి శ్రీ విజయపురం) చేరాలంటే రమారమి మూడు వందల కిలోమీటర్లు. దారిలో జారవాల అభయారణ్యాన్ని కాన్వాయ్ వేళలకు లోబడి దాటవలసిందే. గాలివానలు వస్తే ఓడలు నిలిచిపోతాయి. అక్కడివారు పప్పు, ఉప్పులతోపాటు మందులను కూడా ముందుగానే నిల్వ చేసుకొంటారు.

మా మామగారు విశ్రాంత ఉపాధ్యాయులు. క్యాన్సరు వెన్నెముకకు ప్రాకిన తరువాత మా వద్దనే ఉండేవారు. వైద్యులు మార్ఫిన్ మాత్రలు వ్రాశారు. ఒకసారి ప్రధాన భూభాగంలోని ఒక ఆసుపత్రిలో, వానాకాలం వస్తున్నదని, గడువుకు ముందే మరికొన్ని మాత్రలు అడిగాము. కౌంటరులోని వ్యక్తి చీటీని అటూ ఇటూ త్రిప్పి, "నెల కాకముందే మళ్ళీ కావాలా? పెద్దాయనకు అలవాటైపోయినట్టుంది" అన్నాడు. వరుసలోని వారందరూ మావైపు చూశారు.

ఆ రాత్రి నుండి ఆయన సగం మాత్రే వేసుకోసాగారు. మా శ్రీమతి ఎంత బ్రతిమాలినా వినలేదు. "నలభై ఏళ్ళు పిల్లలకు నీతి చెప్పినవాణ్ణమ్మా. చివరికి మత్తుమందు మనిషి ననిపించుకోవాలా?" అన్నారు. పళ్ళబిగువున నొప్పిని భరించారే గాని పూర్తి మాత్ర ముట్టలేదు.

చికిత్స చేస్తున్న వైద్యుడు ఆయనను ప్రక్కన కూర్చోబెట్టుకొని వివరించారు: "మార్ఫిన్ కొంతకాలం వాడితే శరీరం దానికి అలవాటుపడుతుంది, హఠాత్తుగా మానితే చెమటలు, విరేచనాలు, అశాంతి కలుగుతాయి. ఇది వ్యసనం కాదు. హాని జరుగుతున్నా మందు కోసమే వెంపర్లాడడం వ్యసనం. మీరు కోరేది మత్తు కాదు మాస్టారూ, నిద్ర." తరువాత మా ఊరి దూరాన్ని, కావలసిన రోజులను పేర్కొంటూ ఒక లేఖ వ్రాసి ఇచ్చారు. ఆ లేఖ ఉన్నంతకాలం మళ్ళీ ఎవరూ ప్రశ్నించలేదు. చివరి నెలల్లో మామగారు వరండాలో కూర్చొని మనుమడికి పద్యాలు చెప్పగలిగారు.

ఈ అనుమానానికి కారణం ఒక వ్యక్తి దురుసుతనం మాత్రమే కాదు. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం అక్రమ వ్యాపారాన్ని అరికట్టడానికి ఉద్దేశించినది. అయితే పలు లైసెన్సుల చిక్కులకు, శిక్షలకు జంకి ఎన్నో ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానుకొన్నాయి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ అనుమతితో నల్లమందు పండించే దేశంలోనే రోగికి మార్ఫిన్ కరవైంది. కేరళకు చెందిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివారి దీర్ఘకృషి ఫలితంగా 2014లో చట్టాన్ని సవరించి, అత్యవసర మాదక ఔషధాలకు దేశమంతటా ఒకే విధమైన నిబంధనలకు వీలు కల్పించారు. అమెరికాలోనూ 2016 నాటి మార్గదర్శకాలను కఠినంగా అన్వయించి, ఎందరో రోగులకు మందును హఠాత్తుగా తగ్గించారు; 2022లో వాటిని సవరించవలసి వచ్చింది.

జాగ్రత్త వద్దని ఎవరూ అనరు. ఈ మందులను తాళం వేసి ఉంచాలి, ఇతరులకు ఇవ్వరాదు. మన సహోద్యోగుల ఇళ్ళలో ఇటువంటి రోగులుంటే ఒకే వైద్యుని వద్ద చికిత్స పొందడం, అసలు చీటీలను భద్రపరచడం, నొప్పిని సున్నా నుండి పది వరకు అంకెలలో రోజూ వ్రాసి ఉంచడం మేలు. మారుమూల ప్రాంతాలలో పనిచేసేవారు ప్రయాణదూరాన్ని చీటీపైనే వ్రాయించుకోవాలి. వైద్యుని అడగకుండా మందు పెంచరాదు. లోకనిందకు వెరచి తగ్గించనూ రాదు.

ప్రశ్నించే హక్కు మందిచ్చేవారికి ఉన్నది. అయితే ఆ ప్రశ్న రోగి చెవిన మాత్రమే పడేటట్లు, నిందగా కాక విచారణగా అడగవచ్చును. అందుకు ఏ చట్టమూ అడ్డు రాదు, పైసా ఖర్చూ కాదు.