గోళ్ళలో గ్రీజు

అమెరికాలో చదువుకోవటానికి వచ్చిన మా తరం తెలుగువాళ్ళలో ఎవరిని కదిపినా ఒక పాత జపాన్ కారు కథ బయటికొస్తుంది. కామ్రీ, కరోలా, అకార్డ్, సివిక్... పేరేదైనా కథ ఒకటే. సీనియర్ అమ్మితే జూనియర్లు నలుగురు కలిసి కొనటం, శనివారం ఇండియన్ స్టోర్‌కి ఆరుగురు ఇరుక్కుని వెళ్ళటం, ఉద్యోగం రాగానే దాన్ని ఇంకో జూనియర్‌కి అంటగట్టి కొత్తది కొనుక్కోవటం. ఆ తర్వాత ఆ కారు పార్టీల్లో చెప్పుకునే జోకు. నాకు మాత్రం అది జోకుగా మిగల్లేదు, జబ్బుగా మిగిలింది. ఇరవై ఏళ్ళు దాటినా తగ్గలేదు.

నేను ఒహాయోకి వచ్చింది 2002 ఆగస్టులో. మా నలుగురి ఉమ్మడి ఆస్తి 1991 కామ్రీ. పదకొండు వందల డాలర్లు, లక్షా ముప్ఫై ఎనిమిది వేల మైళ్ళు. ఆ చలికాలం బ్రేకులు కీచుమనటం మొదలుపెట్టాయి. ప్యాడ్లు అరిగిపోయాయి, మార్చటానికి రెండు వందల ఎనభై అన్నాడు షాపతను. అది మాలో ఒక్కొక్కడి నెల తిండి ఖర్చు కన్నా ఎక్కువ. మా సీనియర్ ఒకాయన ఈ సంగతి విని నవ్వాడు. పాతిక డాలర్లకి ప్యాడ్లు కొనిపించాడు. విడిభాగాల దుకాణంలో డిపాజిట్ కట్టి పనిముట్లు అరువు తెచ్చాడు. అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాట్‌లో, చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే, రెండు గంటల్లో పని ముగించాడు. నాలుగో చక్రం దగ్గర స్పానర్ నా చేతికిచ్చి, "నువ్వు చెయ్యి," అన్నాడు.

కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేస్తున్నవాణ్ణి, ఒక వస్తువుని విప్పి, బాగుచేసి, మళ్ళీ బిగించటం అదే మొదటిసారి. ఆ రోజే ఇంకో సంగతి కూడా అర్థమైంది. ఈ దేశంలో వస్తువు చవక, చెయ్యి ఖరీదు. విజయవాడలో దానికి సరిగ్గా తలకిందులు.

ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, ఇల్లు కొన్నాం. 2009లో నేను రెండువేల ఎనిమిది వందలు పోసి 1992 మాజ్దా మియాటా ఒకటి ఇంటికి తెచ్చాను. మా ఆవిడ దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, చంకలో ఏడాది పాపని సర్దుకుంటూ, "మనం ముగ్గురం. సీట్లు రెండు. ఇంట్లో మిగిలేది ఎవరండీ?" అంది. దానికి ఇంతవరకూ నా దగ్గర సమాధానం లేదు.

మియాటా గురించి తెలియనివాళ్ళకి నాలుగు మాటలు. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో లోకానికి చూపించారు. తయారైంది హిరోషిమాలో. నా కారుకి 1.6 లీటర్ల ఇంజను, 116 హార్స్‌పవర్, బరువు టన్నుకి కాస్త తక్కువ. ఇవాళ పిల్లల్ని సాకర్ ప్రాక్టీసుకి దింపే వ్యాన్ల ముందు ఈ అంకెలు ఏ మూలకీ రావు. పైకప్పు గుడ్డది, చేత్తో వెనక్కి మడిచెయ్యొచ్చు. మీట నొక్కితే ముందు దీపాలు నిద్రలేచిన కళ్ళలా పైకి లేస్తాయి. గుర్రమూ రౌతూ ఒకటే శరీరంలా కదలాలన్నది దాన్ని రూపొందించినవాళ్ళు పెట్టుకున్న సూత్రం. దానికి జపాన్ భాషలో 'జిన్బా ఇత్తై' అని పేరు కూడా ఉంది. నడిపితే అది ప్రకటనల కోసం రాసిన మాట కాదని తెలుస్తుంది.

పాత కారు పోషణ అంటే అందరూ ఇంజను అనుకుంటారు. ఒహాయోలో అసలు శత్రువు ఉప్పు. చలికాలం మంచు కరగటానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఇనుమును తినేస్తుంది. అందుకే నవంబరు నుంచి మార్చి దాకా నా కారు గరాజ్ దాటదు. రెండో శత్రువు ఇంకా చిన్నది, ఎండుటాకు. గుడ్డ పైకప్పు మీద పడ్డ వాన నీరు సీట్ల వెనక నుంచి రెండు గొట్టాల్లోంచి కిందికి పోవాలి. వాటిలో ఆకులూ దుమ్మూ పేరుకుంటే నీరు తలుపు కిందున్న బోలు పట్టీలోకి చేరుతుంది. బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల తుప్పు పడుతుంది. కంటికి కనపడే నాటికి అక్కడ మిగిలేది రంగే. ఆరు నెలలకొకసారి ఆ గొట్టాల్లోకి మెత్తటి ప్లాస్టిక్ పుల్ల దూర్చి శుభ్రం చెయ్యటానికి పది నిమిషాలు పడుతుంది. ఇరవై ఐదేళ్ళ కారుని యాభై ఏళ్ళు బతికించేది ఇలాంటి పది నిమిషాలే.

అరవై వేల మైళ్ళకొకసారి టైమింగ్ బెల్ట్ మార్చాలి. దానితో పాటే వాటర్ పంపు కూడా మార్చెయ్యటం తెలివైన పని, ఎందుకంటే రెండింటికీ విప్పాల్సినవి ఒకటే. పళ్ళచక్రాల మీద గుర్తులు ఎదురెదురుగా రావాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా ఇంజను ఊపిరి తప్పుతుంది. ఈ 1.6 ఇంజనుకో సుగుణం ఉంది. నడుస్తుండగా బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్లకి తగలవు. కారు ఆగిపోతుందే గానీ ఇంజను పగలదు. నేర్చుకునేవాడిని క్షమించే గురువు లాంటి ఇంజను.

ఇక మార్పులు. రాత్రిళ్ళు వీధి అదరగొట్టే సైలెన్సర్లూ, నేలకి రాసుకునేటంత కిందికి దించటాలూ నాకు గిట్టవు. నేను చేసినవి రెండే. మొదటిది పైసా ఖర్చు లేనిది. బానెట్ కిందున్న చిన్న పెట్టెలో రెండు కనెక్షన్లని తీగముక్కతో కలిపి, టైమింగ్ లైట్ పట్టుకుని, ఇంజను వెనకాల ఉన్న సెన్సారుని వెంట్రుకవాసి తిప్పితే, కంపెనీ పెట్టిన పది డిగ్రీల టైమింగ్ పధ్నాలుగవుతుంది. మేలురకం పెట్రోలు పొయ్యాలంతే, కారు మరింత చురుగ్గా లేస్తుంది. రెండోది బ్రేకులు. 1994 నుంచి ఈ కారుకి 1.8 లీటర్ల ఇంజను పెట్టి, ముందు బ్రేక్ డిస్కుల్ని 235 మిల్లీమీటర్ల నుంచి 255కి పెంచారు. ఆ పెద్ద డిస్కులూ, కాలిపర్లూ, బ్రాకెట్లతో సహా తెస్తే పాత కారుకి అతికినట్టు సరిపోతాయి. వేగం పెంచినవాడు ముందు ఆపటం నేర్చుకోవాలి కదా.

దేనికైనా హద్దుంది. పొగని శుభ్రపరిచే పరికరాల్ని పీకెయ్యటం ఇక్కడ ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మన దేశంలో హద్దు ఇంకా దగ్గర. తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

మన దేశం మాట వచ్చింది కాబట్టి మా నాన్న గురించి చెప్పాలి. ఆయన విజయవాడలో ప్రభుత్వ గుమాస్తా. మా ఇల్లు పటమటలో, ఆటోనగర్‌కి కూతవేటు దూరం. లారీల బాడీలు కట్టేవాళ్ళు, ఇంజన్లు విప్పేవాళ్ళు, లేతు మిషన్ల మీద దొరకని సామానుకి ప్రాణం పోసేవాళ్ళు, ఆ పేటంతా ఇనుము చప్పుడు. నాకు లెక్కల్లో మార్కులు తగ్గినప్పుడల్లా నాన్న వేలు అటే చూపించేది. "చదవకపోతే చెప్పు, రేపే షెడ్డులో వేస్తాను." ఇంటింటా అదే బెదిరింపు. స్కూటరు బాగుచేయించుకోవటానికి ఆదివారం అక్కడికే వెళ్ళేవాళ్ళం. నా వయసు కుర్రాడొకడు కిరసనాయిల్లో నట్లు కడుగుతూ ఉండేవాడు. బేరమాడి, అడిగిన దాంట్లో సగమిచ్చి, బండెక్కేవాళ్ళం.

2014లో నాన్న మా ఇంటికొచ్చినప్పుడు నేను కారు కింద ఉన్నాను. "ఒరేయ్, నిన్ను ఇంజనీర్ని చేసింది ఇందుకా?" అన్నాడు. వారం రోజులు గరాజ్ వైపు రాలేదు. ఎనిమిదో రోజు కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. తొమ్మిదో రోజు టార్చ్‌లైట్ పట్టుకున్నాడు. చేతికందని చోట బోల్టు ఒకటి బిగించలేక తంటాలు పడుతుంటే, "సన్న వేళ్ళు కావాలి దానికి. ఆ షెడ్డు కుర్రాడైతే చిటికెలో పెట్టేవాడు," అన్నాడు. పాతికేళ్ళ కిందటి కుర్రాడు ఆయనకి గుర్తున్నాడు.

2019 డిసెంబరులో విజయవాడ వెళ్ళినప్పుడు ఆటోనగర్‌లో ఒక లేతు మిషను దగ్గర గంటసేపు కూర్చున్నాను. నా వయసు మనిషే. బ్రేక్ డ్రమ్ముని చెక్కుతున్నాడు. కొలిచే పరికరం కన్నా ముందు అతని బొటనవేలు తేడా కనిపెడుతోంది. ఫోనులో నా కారు ఫొటోలు చూపించాను. ఒక్కోటీ పెద్దది చేసి చూసి, బెల్టు గుర్తులు ఎలా కలుపుతానో అడిగాడు. చెప్తే తలూపాడు. అప్పుడడిగాడు:

"మీ దగ్గర ఈ పనికి కూలి ఎంత సార్?"

"షాపులో గంటకి నూట ఇరవై డాలర్లు తీసుకుంటారు. అందులో మెకానిక్ చేతికొచ్చేది కొంతే."

"మన డబ్బుల్లో?"

"ఎనిమిదిన్నర వేలు."

మిషను ఆపేశాడు. "గంటకా?"

"గంటకే."

కాసేపు నవ్వాడు. "మా ఓనరుకి చెప్పకండి సార్, గుండె ఆగుద్ది." తర్వాత చేతులు తుడుచుకుంటూ, "మావాణ్ణి ఇంజనీరింగులో చేర్పించాను. చచ్చినా ఇటు రానివ్వను," అన్నాడు.

చేతిపని గొప్పతనం గురించి నేను అప్పటిదాకా పోగేసుకున్న మాటలేవీ అక్కడ పనికిరాలేదు. నాకది ఆదివారం. అతనికి ఆదివారమే లేదు. అతను తన కొడుక్కి కోరుకుంటున్నది మా నాన్న నాకు కోరుకున్నదే. ఆ కోరికలో తప్పు పట్టాల్సిందేమీ లేదు. అంత తెలిసిన బొటనవేలికి అంత తక్కువ వెల కట్టిన చోటే ఉంది తప్పు.

అప్పట్నుంచి నా కారు లెక్కల పుస్తకంలో ఇంకో గడి చేరింది. విడిభాగం ధర పక్కన, ఆ పనికి పట్టిన గంటలు, గంటకి షాపు రేటు. ఉట్టినే అయిందనుకున్న పని ఉట్టినే కాలేదని అది చెప్తుంది. మా అమ్మాయికి ఇప్పుడు పదిహేడు దాటింది. గొట్టాల్లో ఆకులు తీసే పని తనదే, గంటలు రాసేదీ తనే. మా స్నేహితుల ఇళ్ళలో పిల్లల్ని రోబోటిక్స్ క్లాసుకి నలభై మైళ్ళు తీసుకెళ్తారు గానీ, ఇంట్లో స్పానర్ ముట్టుకుంటే "చేతులు పాడవుతాయి" అంటారు. చేతులు పాడవ్వవు. గోళ్ళలో కాస్త నలుపు మిగులుతుంది. సోమవారం మీటింగులో నా గోళ్ళు చూసి ఎవరైనా అడిగితే, తోటపని అని తప్పించుకోకుండా ఉన్నది చెప్తాను.

విజయవాడలో నేను బేరమాడనని నాన్నకి మొదట్లో కోపం. "అమెరికా డబ్బుల పొగరు, ఇక్కడివాళ్ళ రేట్లు చెడగొడుతున్నావు," అనేవాడు. మొన్నామధ్య ఫోనులో బీపీ సంగతి, ఎండల సంగతి, పక్కింటివాళ్ళ పెళ్ళి సంగతి చెప్పి, ఆఖర్న స్కూటరు సంగతి చెప్పాడు.

"క్లచ్ వైరు వేసినందుకు కుర్రాడు రెండొందలు అడిగాడ్రా."

"ఎంతిచ్చావు?"

"రెండొందల యాభై," అని, నేనేదో అనబోతున్నానని అనుకున్నాడేమో, "టీ తాగుతాడులే," అని ఫోను పెట్టేశాడు.