బట్టలు ఉతికే చేతుల లెక్క మన దగ్గర లేదు

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. తీరిక ఉన్నప్పుడు చదవండి, కానీ సగంల వదిలిపెట్టకండి. చివర్ల మీతోని ఒక పని ఉన్నది.

ఈ గ్రూపులో పోడు పట్టాల గురించి రాసుకున్నం, స్కాలర్‌షిప్పుల గురించి రాసుకున్నం, నోటిఫికేషన్ల గురించి రాసుకున్నం. లాండ్రీలల్ల పనిచేసే మనోళ్ల గురించి మాత్రం ఒక్క పోస్టు కూడా మాకు కనబడలే. వలస అంటే మనకు యాదికొచ్చేది మట్టి పని, సెంట్రింగు, రోడ్డు పని, ఆటో. పాలమూరు లేబర్ అంటే తట్ట, పార. కానీ దేవరకొండ దిక్కు నుంచి, పాలమూరు దిక్కు నుంచి హైదరాబాద్ పోయినోళ్లలో ఆస్పత్రి దుప్పట్లు, హోటల్ బెడ్‌షీట్లు ఉతికేటోళ్లు కూడా ఉన్నరు. మా రూముల నలుగురం ఉంటం. మాలో ఒకరి యాడి ఆ పనే చేస్తది. మేము కూడా ఏడాది నుంచి ఆదివారాలు నల్గొండల ఒక లాండ్రీ షాపుల పనిచేస్తున్నం. అందుకే రాస్తున్నం.

మేము నలుగురం డిగ్రీ చదువుతున్నం. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లం. ఇద్దరిది దేవరకొండ దిక్కు తండాలు, ఒకరిది జడ్చర్ల దిక్కు తండా, ఒకరిది అమ్రాబాద్ అడవిల చెంచు పెంట. హాస్టల్‌ల బువ్వ దొరుకుతది. 2024లో మెస్ చార్జీలు పెంచినప్పుడు ఇంటర్ నుంచి పైన చదివేటోళ్లకు నెలకు 1,500 నుంచి 2,100 చేసిన్రు. కానీ పరీక్ష ఫీజు, రికార్డులు, బస్సు చార్జీ, రీచార్జి మెస్‌ల రావు కదా. ఆదివారం పొద్దంతా చేస్తే మనిషికి 400 వస్తయి. నెలకు నాలుగు ఆదివారాలు. మా లెక్క అంతే.

షాపు పెద్దాయన రజకులు. మేము తాతా అని పిలుస్తం. ఆయన మమ్మల్ని పేర్లు పెట్టి పిలువడు, "ఏం నాయకూ" అంటడు. మా చెంచు దోస్తును కూడా నాయక్ అనే అంటడు. ఎన్నిసార్లు చెప్పినా మారలే, ఇప్పుడు వాడే పలుకుతున్నడు.

బయటికి చూస్తే ఏముంది, ఉతుకుడు, ఇస్త్రీ చేసుడే అనుకుంటరు. లోపలికి పోతే అది పెద్ద చదువే. బట్ట రాంగనే లెక్కపెట్టాలె, జేబులు చూడాలె, చిరుగులు చూసి ఇచ్చినోళ్లకు అప్పుడే చూపెట్టాలె. లేకపోతే ఆ చిరుగు మన మెడకు పడుతది. గుర్తు వేయాలె. తెల్లవి, రంగువి, పట్టువి వేరు చేయాలె. తర్వాత మరకలు. పసుపు మరకకు సబ్బు పెడితే ఎర్రగైతది, భయపడొద్దు, అది సబ్బులోని క్షారం చేసే పని. ఉతికి ఎండలేస్తే పసుపు దానంతట అదే వెలిసిపోతది. నెత్తురు మరకకు వేడి నీళ్లు తగలొద్దు, తగిలితే పట్టుకుంటది, చల్లనీళ్లల్లనే నానబెట్టాలె. ఇవన్నీ మేము కెమిస్ట్రీ క్లాసుల వినలే, తాత దగ్గరనే విన్నం. తర్వాత పుస్తకంల వెతికితే కారణాలు దొరికినయి.

మన జిల్లాల చీరెలే ఈ పనిల పెద్ద పరీక్ష. గద్వాల చీరె ఉన్నదనుకోండి, ఒళ్లంతా నూలు, అంచు కొంగు పట్టు. నూలు నీళ్లు తాగి ముడుసుకుంటది, పట్టు అట్ల ముడుసుకోదు. తెలియనోడు ఒక్కసారి బకెట్ల ముంచిండంటే అంచు అలలు అలలు లేస్తది. పోచంపల్లి ఇక్కత్‌కు రంగు ముందే నూలుకు అద్ది తర్వాత నేస్తరు, అక్కడ ఒక రంగు ఇంకో రంగు మీదికి దిగిందంటే నేసినోళ్ల కష్టం మొత్తం పాయె. అందుకే పట్టు చీరెలు డ్రై క్లీనింగ్‌కు పోతయి.

డ్రై క్లీనింగ్ అంటే పొడిగా కడుగుడు కాదు. నీళ్లకు బదులు ద్రావకంల కడుగుతరు. చిన్న షాపులల్ల పెట్రోలు జాతి ద్రావకం వాడుతరు, అది తొందరగా అంటుకుంటది. పెద్ద మిషన్లల్ల చాలా దేశాలల్ల వాడేది పెర్‌క్లోరోఎథిలీన్. దాని ఆవిరి పీల్చితే తల తిరుగుతది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే కేన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషులకు కేన్సర్ తెచ్చే అవకాశం ఎక్కువున్న వాటి జాబితాల పెట్టింది. అమెరికా 2024 డిసెంబర్‌ల డ్రై క్లీనింగ్‌ల దాని వాడకం పదేండ్లల్ల పూర్తిగా ఆపాలని నియమం తెచ్చింది. మన పిల్లగాళ్లు హైదరాబాద్‌ల ఏసీ షాపు అని సంబురపడి చేరుతరు. మిషన్ ఉన్న గదికి కిటికీ ఉన్నదా, గాలి బయటికి పోయే ఫ్యాన్ ఉన్నదా అని ముందు చూసుకోవాలె.

ఇస్త్రీ సంగతి వేరే. బొగ్గుల ఇస్త్రీపెట్టె ఆరేడు కిలోలు ఉంటది. పొద్దుగాల నుంచి నిలబడి దాన్ని ముందుకు వెనుకకు తోస్తుంటే సాయంత్రానికి భుజం మనది కానట్టే ఉంటది. తాత కుడి భుజం ఎడమ దానికన్నా కిందికి దిగి ఉంటది. నలభై ఏండ్ల ఇస్త్రీ.

ఒక ముచ్చట మా అందరికీ బాగా నచ్చింది. వెనుకట సబ్బు, సోడా లేనప్పుడు సౌడు మట్టితోని ఉతికేటోళ్లట. సౌడు నేల మీద తెల్లగ పేరుకునేదాన్ల సోడా ఉంటది, అదే మురికిని వదిలించేది. బట్టలను సౌడు నీళ్లల్ల ముంచి, బాన మీద పేర్చి, కింద మంట పెట్టి ఉబ్బ వేసేటోళ్లు. ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి నల్లజీడి గింజ రసంతోని గుర్తు పెట్టేటోళ్లు, సున్నం తగిలితే ఆ గుర్తు ఎన్ని ఉతుకులకైనా పోదు. ఈ మాట తాత చెప్పంగనే మా చెంచు దోస్తు లేచి, "ఆ గింజలు మా అయ్య ఏరేటోడు" అన్నడు. నల్లజీడి రసం చర్మానికి తగిలితే పొక్కులు లేస్తయి. వాళ్ల అయ్య చేతుల మీద ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నయట. కుంకుడుకాయ కూడా అడవిదే. పట్టు బట్టలకు, ఉన్ని బట్టలకు కుంకుడు రసమే మెత్తన. చెంచులు ఏరిన సరుకు గిరిజన సహకార సంస్థకు అమ్ముకుంటరని మనకు తెలుసు, అది ఎవరి బట్టలదాకా పోయిందో మనం ఆలోచించలే. అడవిల ఏరిన చెయ్యి, రేవుల ఉతికిన చెయ్యి ఒకదానికొకటి ఎప్పటినుంచో ఎరుకే.

ఇగ అసలు సంగతి. మాలో ఒకరి యాడి హైదరాబాద్‌ల ఒక ప్రైవేటు ఆస్పత్రికి బట్టలు ఉతికే కాంట్రాక్టర్ కింద పనిచేస్తది. ఆస్పత్రి పేరు, కాంట్రాక్టర్ పేరు ఇక్కడ రాస్తలేం. వార్డుల నుంచి మూటలు వస్తయి. విప్పాలె, వేరు చేయాలె, మిషన్‌ల వేయాలె. నెత్తురు, చీము, అన్నీ ఉంటయి. బ్లీచింగ్ నీళ్లకు ఆమె వేళ్ల సందులు పగిలిపోయి ఉంటయి. పోయిన చలికాలం దుప్పటి దులుపుతుంటే అందులున్న సూది అరచేతిల దిగింది. చెప్తే సూపర్‌వైజర్ "చూసుకొని ముట్టుకోవాలె కదా" అని, గుడ్డ కట్టుకొని పని చేయమన్నడు. ఆమె చేసింది. ఎనిమిది రోజులకు ఫోన్ల మాట మీద మాట వచ్చి మాకు తెలిసింది.

అప్పుడు తెలుసుకున్నం. ఎవరికో గుచ్చిన సూది మనకు గుచ్చుకుంటే హెచ్ఐవీ రాకుండా మందులు ఉన్నయి, కానీ అవి ఎంత జల్దీ మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే పనికిరావు. ఆమెకు ఎనిమిది రోజులు దాటినయి. ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకపోయినం. పరీక్ష చేసిన్రు, మళ్లీ రమ్మన్నరు, మళ్లీ చేసిన్రు. ఆరు నెలలకు ఏమీ లేదని చెప్పిన్రు. ఆ ఆరు నెలలు మా రూముల రాత్రి లైటు బంద్ చేసినంక ఎవరం నిద్రపోయేది కాదు. మధ్యల సెమిస్టర్ పరీక్షలు. చదువు ఆపి ఆమెను పని మాన్పిస్త అని కొడుకు అంటే, ఆమె ఫోన్ల ఒక్కటే అన్నది, "నువ్వు పుస్తకం మూస్తే నా చెయ్యి మానుతదా?"

అన్నలారా, అక్కలారా, ఆ సూది అక్కడ ఉండకూడదని చట్టమే చెప్తున్నది. 2016 జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడిన సూదులు, బ్లేడ్లు గుచ్చుకొని బయటికి రాని తెల్ల డబ్బాలల్లనే వేయాలె. ఆ వ్యర్థాలను ముట్టుకునే పనోళ్లకు హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలె, చేతి తొడుగులు ఇయ్యాలె. వార్డుల ఎవరో సూదిని డబ్బాల వేయకుండ దుప్పట్ల వదిలేసిన్రు. వాళ్లు చూసుకోలే. చూసుకోవాల్సింది మాత్రం మా యాడి అంట. ఇంకో మాట. 1948 ఫ్యాక్టరీల చట్టంల తయారీ పని అంటే ఏంటో రాసిన కాడ కడుగుడు, శుభ్రం చేసుడు కూడా ఉండె. అంటే ఉతుకుడు పని కూడా పనే అని డెబ్బై ఏండ్ల కిందటే రాసిపెట్టుకున్నరు. మనోళ్లను మాత్రం ఇంకా "హెల్పర్" అనే రాస్తున్నరు.

తండాల ఈ సంగతి చెప్తే ఒక పెద్దమనిషి ఏమన్నడంటే, "మన జాతోళ్లు ఒకరి బట్టలు ఉతికెటోళ్లా?" ఈ మాట మీద మేము చాలా మాట్లాడుకున్నం. మన తాతలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసిన్రు, అది గొప్పగ చెప్పుకుంటం. మోసుడు గొప్పైనప్పుడు ఉతుకుడు ఎట్ల తక్కువైతది? మన మాటలల్లనే చూడండి. ఎవరినన్న తిడితే ఉతికి ఆరేసిండు అంటం. గొడవ పెట్టుకుంటే చాకిరేవు పెట్టిండు అంటం. కూలి తక్కువ, కష్టం ఎక్కువైతే గాడిద చాకిరీ అంటం. ఒక కులం చేసిన కష్టాన్ని తిట్టు కింద వాడుకొని, ఇప్పుడు మన బిడ్డలు ఆ పనికి పోతే పరువు పోయిందంటే ఎట్ల?

ఆ పెద్దమనిషికి మేము చరిత్ర చెప్పినం. నిజాం కాలంల వెట్టి అంటే రజకులు దొరలకు, అధికారులకు పైస లేకుండ బట్టలు ఉతకాలె. పాలకుర్తి అప్పుడు నల్గొండ జిల్లా జనగామ తాలూకాల ఉండేది. అక్కడ చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలబడి, కౌలుకు చేసుకున్న పంటను సంఘం అండతోని ఇంటికి తెచ్చుకున్నది. అదే దేశ్‌ముఖ్ ధర్మాపురం లంబాడీల భూముల మీద పడితే జాటోతు ఠాణు నాయక్ ఎదురు తిరిగిండు, 1950లో ప్రాణం ఇచ్చిండు. దొర ఒక్కడే, రేవు మనిషి, తండా మనిషి ఇద్దరూ ఆయన మీద కొట్లాడినోళ్లే. కోఠి మహిళా యూనివర్సిటీకి 2024లో ఐలమ్మ పేరు పెట్టిన్రు. మన చెల్లెళ్లు అక్కడ చదువుతరు. యూనివర్సిటీ గేటు మీద ఆ పేరు చూసి దండం పెట్టి, ఇంటికొచ్చి ఆ పనిని తక్కువ చేసి మాట్లాడొద్దు.

దూరదేశం ముచ్చట కూడా ఒకటి. 1881లో అమెరికాల అట్లాంటా పట్నంల బట్టలు ఉతికే నల్లజాతి ఆడోళ్లు ఇరవై మంది కలిసి సంఘం పెట్టుకున్నరు. మూడు వారాలల్ల మూడు వేల మంది అయిన్రు. పన్నెండు పౌన్ల బట్టలకు ఒక డాలర్ ఇయ్యాలని సమ్మె చేసిన్రు. బానిసత్వం పోయి అప్పటికి ఇరవై ఏండ్లు కూడా కాలే. చదువు లేదు, ఫోన్లు లేవు. ఇల్లిల్లు తిరిగి మాట్లాడిన్రు, అంతే. మనకు ఈ గ్రూపు ఉన్నది.

ఒకటి స్పష్టంగ చెప్పాలె. మేము రజకుల పొట్ట కొట్టమని చెప్తలేం. 2021 ఏప్రిల్ నుంచి వాళ్ల లాండ్రీలకు, దోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితంగ వస్తున్నది, అది వాళ్ల హక్కు. షాపు వాళ్లది, పనితనం వాళ్లది. మేము అడిగేది పెద్ద కాంట్రాక్టర్ల కింద, పేరు లేకుండ, కార్డు లేకుండ పనిచేసే చేతుల గురించి. ఆ చేతులల్ల రజకులవి ఉన్నయి, మనవి ఉన్నయి. తాతకు ఈ పోస్టు చదివి వినిపించినం. "నా భుజం సంగతి కూడా రాసిన్రా" అని నవ్విండు, తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలే.

ఇగ మీతోని పని.

1. మీ తండాల, గూడెంల, పెంటల ఎవరన్న లాండ్రీల, ఆస్పత్రి బట్టల పనిల, హోటల్ బట్టల పనిల ఉంటే, పేర్లు వద్దు, ఎంతమందో, ఏ ఊళ్లనో కామెంట్ల రాయండి. లెక్క తేలితే జిల్లా కార్మిక శాఖ ఆఫీసుకు కాగితం పట్టుకొని పోవచ్చు.

2. వాళ్లకు ఇవాళ్లనే ఫోన్ చేసి చెప్పండి. సూది గుచ్చుకుంటే నొక్కొద్దు, పిండొద్దు, పారే నీళ్ల కింద సబ్బుతోని కడిగి అదే రోజు ప్రభుత్వ పెద్దాసుపత్రికి పోవాలె. 72 గంటలు అనే మాట యాదిపెట్టుకోమనండి. రాత్రైనా పోవాలె, కూలి పోయినా పోవాలె.

3. హెపటైటిస్ బి టీకా వేయించిన్రా అని అడగండి. వేయించకపోతే కాంట్రాక్టర్‌ను నలుగురు కలిసి అడగాలె. ఒక్కరే అడిగితే పని పోతది.

4. ఈసారి స్కాలర్‌షిప్ ఫారం నింపేటప్పుడు అమ్మ చేసే పని అనే కాడ నెట్ సెంటర్ అన్న "కూలి" అని కొట్టేస్తే ఆపండి. లాండ్రీ కార్మికురాలు అని రాయించండి. మాలో ఒకరు ఈ ఏడాది అట్లనే రాయించిండు. ఫారం రిజెక్ట్ కాలే.

— నల్గొండ హాస్టల్ నుంచి, మీ తమ్ముళ్లం నలుగురం